అమెరికా ఎన్నికల పందెం కాసే ముందు గుడ్ల ధర కనుక్కోండి

2024 నవంబరులో కిలో మాడుగుల హల్వా ఓడిపోయాను. ఎంవీపీ కాలనీలో మా కింది వాటాలో ఉండే లెక్కల మాస్టారితో పందెం. బ్యాంకులో 34 ఏళ్లు అంకెలతో కాపురం చేసినదాన్ని కదా, ఆ ధీమా. అమెరికాలో నిరుద్యోగం 4.1 శాతమే, 2022 జూన్‌లో 9.1 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 2.4కి దిగింది, ఇంకేం కావాలి, అధికార పార్టీయే మళ్లీ వస్తుందన్నాను. ఆ పార్టీ అభ్యర్థి కమలా హారిస్ ఓడిపోయారు. మాస్టారు డబ్బా అందుకుంటూ, "అంకె కరెక్టే మేడమ్, మీరు తప్పు గడిలో చూశారు" అన్నారు. ఆ మాట హల్వా కంటే ఎక్కువ బాధించింది.

ఆ సరైన గడి ఎక్కడుందో వెతుక్కున్నాక ఇది రాస్తున్నాను. పిల్లలు అక్కడున్నవాళ్లకే పనికొస్తుందనుకోకండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఇక్కడ రొయ్యల చెరువు గట్టు మీదున్నవాడికి కూడా వైట్‌హౌస్‌లో ఎవరున్నారో పట్టింది.

అన్నిటికంటే ముందు ఫోన్ చేయండి. మా అబ్బాయి అమెరికాలో, షార్లెట్‌లో ఉంటాడు. "ధరలు తగ్గాయటగా నాన్నా" అంటే, "తగ్గలేదమ్మా, పెరగడం తగ్గింది. డజను గుడ్లు డాలరున్నర ఉండేవి, ఇప్పుడు మూడు దాటాయి" అన్నాడు. ఈ మాట పందేనికి ముందే అడిగుండాల్సింది. రైతుబజార్లో టమాటా 20 నుంచి 60కి ఎక్కి, ఏడాది తర్వాత 62 దగ్గర ఆగిందనుకోండి. లెక్క ప్రకారం పెరుగుదల మూడు శాతమే. సంచీ పట్టుకుని క్యూలో నిలబడ్డావిడ ఆ మూడు శాతాన్ని చూసి సంబరపడుతుందా? ఆవిడ మనసులో ఉన్నది 20. అందుకే ద్రవ్యోల్బణం పక్కనే, ఆ అధ్యక్షుడు కుర్చీ ఎక్కిన రోజు ధర ఎంతో కూడా రాసుకోండి. 1980లో రీగన్ డిబేట్‌లో అడిగింది ఇదే: నాలుగేళ్ల కిందటి కంటే మీ పరిస్థితి మెరుగ్గా ఉందా అని. ఆ ఏడాది ధరలు 13 శాతం పైగా పెరిగాయి. అప్పుడు కుర్చీలో ఉన్న కార్టర్ దగ్గర జవాబు లేదు.

నిరుద్యోగం సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ అంకె ఎంతన్నది చూస్తే మోసపోతారు, అది ఎటు కదులుతోందో చూడాలి. 1984లో పోలింగ్ నాటికి నిరుద్యోగం ఏడు శాతం పైనే. అయినా రీగన్ 49 రాష్ట్రాలు ఊడ్చేశారు, ఎందుకంటే 1982 చివర్లో అది 10.8. ఒబామా 2012లో దాదాపు ఎనిమిది శాతంతో గెలిచారు. 2009 అక్టోబరులో పది ఉండేది. ఇక అధ్యక్షుడిగా ఉండి ఓడిన పెద్ద బుష్‌ను చూడండి. గల్ఫ్ యుద్ధం అయ్యాక జనామోదం 90 శాతం దగ్గర ఉంది. 1992 జూన్‌కి నిరుద్యోగం 7.8కి ఎక్కింది, నవంబరులో క్లింటన్ గెలిచారు. అసలు మాంద్యం 1991 మార్చిలోనే ముగిసిందట! ఆ విషయం తేల్చే ఆర్థికవేత్తల కమిటీ దాన్ని ప్రకటించింది 1992 డిసెంబరులో, ఓట్లన్నీ పడిపోయాక. ముందే ప్రకటించినా బుష్ గెలిచేవారని నేననుకోను. హుద్‌హుద్ తీరం దాటి వెళ్లిపోయిందని రేడియోలో చెబితే ఏమైంది, ఇంట్లో ఫ్యాన్ తిరిగేదాకా మనకి తుఫాను పోలేదు కదా.

ఇక ఇవి రాసుకునే నోటు పుస్తకం. మొదటి మూడేళ్ల లెక్కలకు పేజీలు వేస్ట్ చేయకండి. ఎన్నికలున్న ఏడాది జనవరి నుంచి మొదలెడితే చాలు, ఓటరు జ్ఞాపకం అంతకంటే వెనక్కి పెద్దగా పోదు. గుడ్ల ధరలాంటి గాయమైతే వేరే సంగతి. సాధారణంగా నెల మొదటి శుక్రవారం ఉద్యోగాల లెక్క వస్తుంది, నెల మధ్యలో ధరల లెక్క. జులై నుంచి సెప్టెంబరు దాకా జీడీపీ మొదటి అంచనా అక్టోబరు చివర్లో వస్తుంది, అప్పటికి జనం మనసు స్థిరపడిపోయి ఉంటుంది. షేర్ మార్కెట్ జోలికి పోకండి. మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన ఆర్కే బీచ్ పొడుగునా అక్కడి షేర్ల సూచీ డౌ జోన్స్ గురించే చెబుతారు. ఆయన జోస్యం నాకంటే ఘోరం.

మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ప్రతి నెలా వినియోగదారుల మనోభావాల సర్వే వేస్తారు. మంచిదే, కానీ పార్టీలవారీగా విడదీసిన అంకెలే చూడండి. అధ్యక్షుడి పార్టీ మారగానే, అంగట్లో ధర అదే ఉన్నా, నిన్నటిదాకా ఏడ్చినవాళ్లు నవ్వుతారు, నవ్వినవాళ్లు ఏడుస్తారు. ఏ పార్టీకీ చెందనివాళ్ల వరసే నాకు కాస్త నమ్మకం.

దేశం మొత్తం సగటు ఎక్కడా ఓటేయదు. రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 వస్తేనే అధ్యక్షుడు. అందుకని పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ లాంటి, ఏ పార్టీ వైపు మొగ్గుతాయో తెలియని ఊగే రాష్ట్రాల అంకెలు విడిగా చూడాలి. మా అబ్బాయి ఉండే నార్త్ కరోలినా కూడా ఆ బాపతే, నాకది కలిసొచ్చింది. ఇంత చూసినా తప్పొచ్చు. 2000లో నిరుద్యోగం నాలుగు శాతం, దేశం మొత్తం మీద ఓట్లూ అధికార పార్టీ అభ్యర్థి అల్ గోర్‌కే ఎక్కువ. ఫ్లోరిడాలో 537 ఓట్లతో అంతా పోయింది.

ఇది విని మా చెల్లెలు, "మరి మన రాష్ట్రపతి ఎన్నికకీ టమాటా ధర పనిచేస్తుందేటక్కా?" అంది. మన దగ్గర ఓటేసేది ఎంపీలూ ఎమ్మెల్యేలూ, సంచీ పట్టుకునేవాళ్లు కాదు. అయినా 1969లో ఒకసారి ఆర్థికం అందులోనూ దూరింది. జులై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్స్ మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టింది మన వి.వి. గిరి. మర్నాడే రాజీనామా చేసి ఎన్నికలో నిలబడి, ఆగస్టులో నీలం సంజీవరెడ్డిని ఓడించారు. బ్యాంకు మనిషిని, ఈ ముక్క చెప్పకుండా ఎలా వదులుతాను.

అమెరికా అధ్యక్షుడికి తర్వాతి పోలింగ్ 2028 నవంబరు 7, మంగళవారం. మాస్టారు ఇప్పుడే పందెం కట్టమంటున్నారు, ఈసారి రెండు కిలోలట. ఆ ఏడాది సెప్టెంబరు ధరల లెక్క చేతికొచ్చేదాకా నోరు విప్పనని చెప్పేశాను. ఈలోగా అబ్బాయి ప్రతి నెలా గుడ్ల బిల్లు ఫోటో వాట్సాప్‌లో పంపుతున్నాడు.