సరుకు నిండుకోకముందే: వేరే సంస్థ గోదాము నుంచి అమ్మేవాళ్లు స్టాక్ ఎప్పుడు, ఎంత తెప్పించాలి

మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముతూ ప్యాకింగ్, డెలివరీ పనిని వేరే సంస్థ గోదాముకు అప్పగించాక సరుకు మన కళ్ల ముందు ఉండదు. సెల్లర్ ప్యానెల్‌లో కనిపించే అంకె ఒక్కటే ఆధారం. 'ఇంకా 260 ఉన్నాయి కదా' అనుకుంటూ ఆర్డర్ వాయిదా వేయడంతోనే తిప్పలు మొదలవుతాయి. 260 ఎక్కువో తక్కువో తేలాలంటే రోజుకు ఎన్ని పోతున్నాయో, ఇవాళ ఆర్డర్ పెడితే ఎన్నో రోజుకు అమ్మకానికి వస్తాయో తెలియాలి. ఈ రెండు అంకెలూ ప్రతి ఎస్‌కేయూకీ (స్టాక్ లెక్కలో విడిగా చూసే ప్రతి రకానికీ) విడివిడిగా లెక్కగట్టాలి. ఒకే వస్తువులో ఎరుపు రంగు, నీలం రంగు కూడా వేర్వేరు ఎస్‌కేయూలే.

రోజువారీ అమ్మకం

30 రోజుల్లో 180 అమ్ముడయ్యాయి కాబట్టి రోజుకు 6 అని రాసుకుంటారు. అందులో 12 రోజులు సరుకే లేదనుకోండి. అప్పుడు ఆ 180 పోయింది 18 రోజుల్లో. అంటే అసలు వేగం రోజుకు 10. సరుకు తెప్పించుకోవడానికి 40 రోజులు పడుతుందనుకుంటే, 6 లెక్కన 240 చాలనిపిస్తుంది. అవి 24 రోజుల్లో ఖాళీ అవుతాయి, మిగతా 16 రోజులు లిస్టింగ్ మీద 'స్టాక్ లేదు' అని ఉంటుంది. ఆ ఖాళీ రోజులు కూడా సగటులో కలిస్తే వేగం మరింత పడిపోయినట్టు కనిపిస్తుంది, తర్వాతి ఆర్డర్ ఇంకా చిన్నదవుతుంది. బాగా అమ్ముడుపోయే వస్తువు ఇలా కాగితం మీద 'నెమ్మది సరుకు'గా మారిపోవడం చాలా అన్యాయమైన తప్పు. అందుకే భాగించేటప్పుడు సరుకు ఉన్న రోజులనే తీసుకోండి.

భారీ డిస్కౌంట్ ఇచ్చిన రోజులను కూడా సగటులోంచి పక్కకు తీయండి. ఆ అమ్మకాలు మళ్లీ డిస్కౌంట్ పెట్టినప్పుడే పనికొస్తాయి. పండగలకో, ఎండాకాలానికో గిరాకీ మారే వస్తువులకు గత 30 రోజుల అంకె చాలదు. నిరుడు ఇదే కాలంలో ముందు నెల కంటే ఎంత పెరిగిందో చూసి, ఆ నిష్పత్తిలో ఇప్పటి వేగాన్ని పెంచుకోండి.

లీడ్ టైమ్ ఎక్కడ ముగుస్తుంది

ఆర్డర్ పెట్టిన రోజు నుంచి సరుకు అమ్మకానికి వచ్చేదాకా పట్టే రోజులే లీడ్ టైమ్. లారీ గోదాము గేటు దాటిన రోజుతో ఈ లెక్క ముగించకండి. సరుకు దిగాక స్లాట్ కోసం ఆగాలి, కార్టన్లు విప్పాలి, లెక్కబెట్టాలి, స్కాన్ చేయాలి, అరల్లో సర్దాలి. ఒక కేంద్రంలో దించినదాన్ని వేరే కేంద్రాలకు పంచే సంస్థలైతే ఆ ప్రయాణం కూడా అదనం. సప్లయర్ తయారీకి 20 రోజులు, రవాణాకు 12, గోదాములో స్వీకరణకు 8 అయితే లీడ్ టైమ్ 40 రోజులు. కొనుగోలుదారుకు 'కొనండి' బటన్ కనిపించిన రోజే ఆఖరి రోజు.

ప్రతి షిప్‌మెంట్‌కూ నాలుగు తేదీలు రాసి పెట్టుకోండి: ఆర్డర్ ఇచ్చినది, సప్లయర్ పంపినది, గోదాముకు చేరినది, పూర్తిగా అమ్మకానికి వచ్చినది. ఐదారు షిప్‌మెంట్లు గడిచేసరికి సగటుతో పాటు ఎక్కడ ఎంత అటూఇటూ అవుతోందో కూడా తెలుస్తుంది. ఆ అటూఇటూ ఎందుకంత ముఖ్యమో సేఫ్టీ స్టాక్ (అనుకోని గిరాకీకీ, ఆలస్యానికీ అదనంగా ఉంచుకునే నిల్వ) లెక్క చూస్తే అర్థమవుతుంది.

సేఫ్టీ స్టాక్

రోజుకు సగటున 10 పోతాయి. రోజువారీ అమ్మకంలో స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి సాధారణంగా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే అంకె) 4. లీడ్ టైమ్ 40 రోజులు, దాని స్టాండర్డ్ డీవియేషన్ 5 రోజులు. ఈ డీవియేషన్లను స్ప్రెడ్‌షీటే లెక్కగడుతుంది.

గిరాకీ వల్ల వచ్చే అనిశ్చితి: 40ని 4 వర్గంతో హెచ్చిస్తే 640. ఆలస్యం వల్ల వచ్చేది: 10 వర్గాన్ని 5 వర్గంతో హెచ్చిస్తే 2500. రెండూ కలిపితే 3140, దాని వర్గమూలం సుమారు 56. నూటికి 95 సార్లు సరుకు నిండుకోకుండా చూడాలంటే దాన్ని 1.65తో హెచ్చించాలి. దాదాపు 93 వస్తుంది, అదే సేఫ్టీ స్టాక్. లీడ్ టైమ్‌లో పోయే 400కి ఇది కలిపితే రీఆర్డర్ పాయింట్ 493, అంటే నిల్వ ఈ అంకెకు దిగగానే కొత్త ఆర్డర్ పెట్టాలి.

640నీ 2500నీ పక్కపక్కన పెట్టి చూడండి. గిరాకీ ఎలా ఉంటుందోనన్న బెంగే అమ్మేవాళ్లలో ఎక్కువ, కానీ ఇక్కడ నిల్వను పెంచుతున్నది సప్లయర్, రవాణాల ఆలస్యం. ఆ 5 రోజుల తేడాను 2 రోజులకు తగ్గించగలిగితే సేఫ్టీ స్టాక్ 93 నుంచి 53కి దిగుతుంది. గిరాకీని మరింత కచ్చితంగా అంచనా వేయడానికి తంటాలు పడేకంటే, పంపే తేదీకి కట్టుబడే సప్లయర్‌ను చూసుకోవడం మేలు.

చేతిలో నిజంగా ఎంత ఉంది

అమ్మకానికి సిద్ధంగా ఉన్నది, కేంద్రాల మధ్య బదిలీలో ఉన్నది, దారిలో ఉన్నది, సప్లయర్ దగ్గర ఆర్డర్‌లో ఉన్నది కలపాలి. కొనుగోలుదారులకు ఇప్పటికే కేటాయించినవి, దెబ్బతిన్నవి, రిటర్న్ వచ్చి తనిఖీలో ఆగినవి కలపకూడదు. దారిలో ఉన్న సరుకును మరిచిపోతే ఒకే అవసరానికి రెండుసార్లు ఆర్డర్ వెళ్తుంది. పాడైనవాటిని కలిపేస్తే సరుకు ఉందన్న భరోసాలోనే నిండుకుంటుంది.

రెండు వారాలకోసారి సమీక్షించేవాళ్లు లీడ్ టైమ్‌కు ఆ 14 రోజులు కూడా చేర్చాలి, ఎందుకంటే ఇవాళ వదిలేస్తే మళ్లీ చూసేది 14 రోజులకే. 54 రోజులకు 540, పై పద్ధతిలోనే సేఫ్టీ స్టాక్ 96, మొత్తం లక్ష్యం 636. సిద్ధంగా 260, బదిలీలో 40, దారిలో 200 ఉంటే చేతిలో ఉన్నది 500. తెప్పించాల్సింది 136. కార్టన్‌కు 24 చొప్పున అయితే 6 కార్టన్లు, అంటే 144. విడి ముక్కలు పంపకండి, ఎప్పుడూ నిండు కార్టన్‌కు పైకి సవరించండి.

సప్లయర్ 480కి తక్కువైతే ఇవ్వనంటే అంతా ఒకేసారి అమ్మకపు గోదాముకు చేర్చాల్సిన పని లేదు. ఎక్కువ కాలం ఉంచడానికి తక్కువ అద్దె తీసుకునే గోదాములో మిగతాది పెట్టి, అక్కడి నుంచి నెలకు సరిపడా పంపుతూ ఉండండి. ఈ మధ్య మజిలీ నుంచి స్వీకరణ పూర్తయ్యేసరికి 10 రోజులు పడితే, ఆ విడత పంపకానికి లీడ్ టైమ్ ఆ 10 రోజులే.

కార్టన్ దగ్గర జరిగే పొరపాట్లు

స్వీకరణ ఆలస్యానికి కొన్ని కారణాలు పంపినవాళ్ల దగ్గరే ఉంటాయి. ఒకే కార్టన్‌లో మూడు ఎస్‌కేయూలు కలిపితే అవతల ఒక్కొక్కటీ విడదీసి లెక్కబెట్టాలి. ఒక కార్టన్‌కు ఒకే ఎస్‌కేయూ, అన్ని కార్టన్లలో ఒకే సంఖ్య ఉండేలా చూడండి. గోదాము ఇచ్చిన లేబుల్ అంటించేటప్పుడు తయారీదారు బార్‌కోడ్ పూర్తిగా కప్పేయాలి. రెండు బార్‌కోడ్‌లు కనిపిస్తే స్కానర్ ఏది ముందు చదివితే ఆ ఖాతాలో పడుతుంది. కార్టన్ లేబుల్ పైమూత అతుకు మీద పెడితే బ్లేడుతో కోసినప్పుడు చిరిగిపోతుంది. చదునుగా ఉన్న పక్కకు అంటించండి.

పంపేముందు ప్రతి కార్టన్ బరువు తూచి, తూకం అంకె కనిపించేలా ఫొటో తీయండి. లోటు వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. 144 పంపితే 120 చేరినట్టు చూపించిందనుకోండి. తేడా 24, సరిగ్గా ఒక కార్టన్. అది దారిలో పోయి ఉండాలి, లేదా ఇంకా స్కాన్ కాకుండా ఏదో మూల ఉండాలి, కాబట్టి రవాణా రసీదుతో అడగండి. 137 చేరినట్టు చూపిస్తే అది కార్టన్ లెక్కకు కుదరదు. లెక్కింపు తప్పో, ప్యాకింగ్‌లో తక్కువ పెట్టడమో అయి ఉంటుంది, అక్కడ తూకం ఫొటోలు పనికొస్తాయి. క్లెయిమ్‌కు ఆఖరి తేదీ ఉంటుంది, షిప్‌మెంట్ మూసిన వారంలోనే సరిచూసుకోండి.

కొత్త సరుకు రాకముందే అయిపోయేలా ఉంటే

సిద్ధంగా ఉన్న 80ని రోజుకు 10తో భాగిస్తే 8 రోజులు. దారిలో ఉన్నది అమ్మకానికి రావడానికి 12 రోజులు పడుతుంది. నాలుగు రోజుల ఖాళీ తప్పించాలంటే రోజువారీ అమ్మకం 6కు దించాలి. ముందు కూపన్లు ఆపండి, తర్వాత ప్రకటనల ఖర్చు తగ్గించండి, అప్పటికీ చాలకపోతే ధర కొద్దిగా పెంచండి. పూర్తిగా నిండుకుంటే వెతుకులాటలో లిస్టింగ్ వెనక్కి పోతుంది, మళ్లీ పైకి తేవడానికి ప్రకటనల మీదే ఎక్కువ ఖర్చవుతుంది. అదే సరుకును రెండు మూడు మార్కెట్‌ప్లేస్‌లలో అమ్ముతుంటే స్టాక్ అంకె అన్నిచోట్లా మారడానికి కొంత సమయం పడుతుంది. ఆఖరి నాలుగైదింటిని చూపించకుండా ఆపుకుంటే, లేని సరుకుకు ఆర్డర్ తీసుకుని రద్దు చేసే పరిస్థితి రాదు.

ఎక్కువైతే

భయంతో రెట్టింపు తెప్పించినా నష్టమే. నిల్వ అద్దె సాధారణంగా ఆక్రమించిన ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి పెద్ద పెట్టెలో నెమ్మదిగా అమ్ముడయ్యే వస్తువే ఎక్కువ తినేస్తుంది. అమెరికాలోని అమెజాన్ ఎఫ్‌బీఏలో (అమ్మేవాళ్ల సరుకును అమెజానే తన గోదాముల్లో ఉంచి పంపే సేవ) 181 రోజులు దాటిన సరుకు మీద అదనపు రుసుము పడుతుంది. 2024 నుంచి స్టాండర్డ్ సైజు వస్తువుల్లో చాలావాటికి నిల్వ 28 రోజుల అమ్మకం కంటే తగ్గుతూ ఉన్నా రుసుము ఉంది. నిల్వను ఈ రెండు హద్దుల మధ్య నడపాలి. మీ గోదాము హద్దులు వేరుగా ఉండొచ్చు, ఒప్పందంలో చూసి స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి ఎస్‌కేయూ పక్కన రాసుకోండి.

ఇప్పటి వేగంతో 120 రోజులకు పైగా సాగే నిల్వ కనిపిస్తే ముందు కొత్త ఆర్డర్లు ఆపండి. ఆ మిగులు అమ్ముడయ్యేదాకా పడే అద్దెను, ఇప్పుడే ధర తగ్గించి వదిలించుకుంటే వచ్చే నష్టంతోనూ, వెనక్కి తెప్పించుకునే ఖర్చుతోనూ పోల్చి, మూడింటిలో తక్కువైనదాన్ని రుసుము తేదీ రాకముందే ఎంచుకోండి.