పాత ఇంగ్లీషు మాటల జాడ – 4వ పాఠం: 'వీడ్' అంటే వస్త్రం

స్పెల్లింగు ఒకటే అయినా మూలాలు వేరైన మాటలను నిఘంటువులో 1, 2 అని అంకెలు వేసి విడివిడిగా ఇవ్వడం గత పాఠంలో గమనించాం. ఆ అంకెలను పట్టించుకోకపోతే అర్థం ఎంత దారి తప్పుతుందో ఈసారి 'వీడ్' అనే మాటతో చూద్దాం.

షేక్‌స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకం రెండో అంకంలో ఫెయిరీల (చిట్టి దేవతల) రాజు ఒబెరాన్ ఒక పూలగట్టును వర్ణిస్తూ, పాము అక్కడ తళతళలాడే కుబుసాన్ని విడుస్తుందనీ, ఒక ఫెయిరీని చుట్టడానికి ఆ 'వీడ్' సరిపోతుందనీ అంటాడు. కలుపుమొక్క అనే అర్థమొక్కటే తెలిసినవారికి ఈ వాక్యం కొరుకుడు పడదు. ఒంటికి చుట్టుకునేదని కవే చెబుతున్నాడు కనుక ఇక్కడ వీడ్ అంటే వస్త్రం. తెలుగు పాఠకులకు ఈ పోలిక కొత్తది కాదు. కుబుసం అనే మాటకు రవిక అనే అర్థం కూడా మన పాత నిఘంటువుల్లో ఉంది.

ఇప్పుడు మూలాల దగ్గరికి వెళదాం. ప్రాచీన ఇంగ్లీషులో వస్త్రాన్ని 'వ్యాడ్' అనీ, పనికిరాని మొక్కను 'వేఓడ్' అనీ అనేవారు. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. కాలక్రమంలో అచ్చులు మారి, రెండూ ఒకే ఉచ్చారణకు, ఒకే స్పెల్లింగుకు చేరాయి. వస్త్రమనే మాటకు బంధువులు ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ కుటుంబంలోని ఇతర భాషల్లో ఉన్నారు: ప్రాచీన జర్మన్‌లో 'వాట్' అంటే దుస్తులు. నారబట్టను, చిత్రకారుడి కాన్వాసును, సినిమా తెరను సూచించే నేటి జర్మన్ మాట 'లైన్‌వాంట్' చివరి భాగం ఆ 'వాట్' రూపాంతరమే.

ఇంగ్లీషులో మాత్రం కలుపుమొక్క నిలిచింది, వస్త్రం వాడుక తప్పింది. అయినా పూర్తిగా పోలేదు. భర్తను కోల్పోయిన స్త్రీ ధరించే నల్లని దుస్తులను 'విడోస్ వీడ్స్' అనడం నేటికీ ఉంది. 1861లో భర్త ఆల్బర్ట్ మరణించాక విక్టోరియా రాణి 1901లో తాను మరణించేదాకా ధరించినవి అవే. వాడుక తప్పిన మాట ఇలా ఒక జంటపదంలో తలదాచుకోవడం చాలా భాషల్లో కనిపిస్తుంది కనుక, పాత అర్థం కోసం వెతికేటప్పుడు ముందుగా అలాంటి జంటపదాలనే చూడండి.

అభ్యాసం: 'హ్యాబిట్' అంటే అలవాటు, క్రైస్తవ సన్యాసినులు ధరించే దుస్తులు కూడా. ఇవి 'వీడ్' లాగా కలిసిపోయిన రెండు మాటలా, లేక ఒకే మాట నుంచి చీలిన రెండు అర్థాలా? నిఘంటువులో దానికి అంకెలు ఉన్నాయో లేదో చూసి, లాటిన్ మూలంతో సహా రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.