ఓక్ పీపాలో మాగిన సేజాన్‌ను రుచి చూసే పద్ధతి

సేజాన్ బెల్జియంలోని వల్లోనియా పల్లెల బీరు. చలికాలంలో కాచి, వేసవిలో పొలం కూలీలకు పోసేవారు. ఓక్ చెక్క పీపాలో నెలల తరబడి మాగినది మాత్రం ఆకులు రాలే కాలపు సాయంత్రాలకే నప్పుతుంది.

సీసాను ముందు రోజే ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మడ్డి అడుగుకు దిగుతుంది. చల్లగా ఉండగానే మూత తీయండి. ఇందులో గ్యాస్ చాలా ఎక్కువ, వెచ్చబడ్డాక తీస్తే పొంగి సగం నేలపాలవుతుంది. ట్యులిప్ పువ్వు ఆకారపు గ్లాసును వంచి, 150 మిల్లీలీటర్లు మెల్లగా పోయండి.

వెంటనే తాగకండి. మొదట మిరియం, నిమ్మతొక్క వాసన వస్తుంది. అది బీరును పులియబెట్టే ఈస్ట్ పని. గ్లాసులో 10-13 డిగ్రీలకు చేరాక మళ్లీ వాసన చూడండి. అప్పుడే బ్రెటనోమైసిస్ ఈస్ట్ తెచ్చే ఎండుగడ్డి, తోలు వాసన, ఓక్ తెచ్చే వెనిల్లా బయటపడతాయి. మరీ చల్లగా తాగితే ఇవేవీ తెలియవు.

చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. మింగాక చిగుళ్లు కాస్త బిగుసుకుంటాయి, డికాక్షన్ తాగినట్టు. అది చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం. సన్నటి పులుపు ఉండాల్సిందే. ఘాటైన వెనిగర్, నెయిల్‌పాలిష్ వాసన మాత్రం లోపమే: పీపాలోకి గాలి ఎక్కువగా చేరింది.

చివరి గ్లాసులో మడ్డి కలిపి చూడండి, రుచి చిక్కబడుతుంది.