కొత్త ఆన్‌లైన్ ఆటపై తొలి అభిప్రాయం రాసే పద్ధతి

మాంత్రికులు, కోటలు, రాక్షసులు ఉండే ఒక కొత్త ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆట (మనమే అందులో ఒక పాత్రగా మారి ఆడేది) విడుదలైన మొదటి వారంలో, హనుమకొండలో ఒకే వీధిలో ఉండే ఇద్దరు మిత్రులు దాని గురించి పూర్తిగా విరుద్ధమైన మాటలు చెప్పడం మామూలే. ఒకరికి యుద్ధం చురుకుగా తోస్తుంది. మరొకరికి కత్తి దూసిన అరక్షణం తర్వాత గానీ శత్రువుకు దెబ్బ తగలదు. ఇద్దరూ నిజమే చెబుతారు గానీ, ఏ సర్వర్‌లో (ఆటను నడిపే దూరపు కంప్యూటర్‌లో), ఏ వేళలో, ఏ క్లాస్‌తో (యోధుడు, మాంత్రికుడు వంటి పాత్ర రకంతో), ఎన్ని గంటలు ఆడిన తర్వాత ఆ మాట అంటున్నారో ఎవరూ చెప్పరు. ఆ నాలుగు వివరాలు లేని అభిప్రాయం, ఆటను కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న మూడో మనిషికి ఉపయోగపడదు.

ఆట తెరవకముందే ఒక నోటుపుస్తకంలో తేదీ, ఆట వెర్షన్, అది బీటానా (విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చేదా) పూర్తి విడుదలా, మీ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు, ఇంటర్నెట్ ల్యాన్ కేబుల్ ద్వారా వస్తున్నదా వైఫై ద్వారానా అన్న సంగతులు రాసుకోండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్నట్లయితే, కొన్న 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటేనే సాధారణంగా డబ్బు వాపసు ఇస్తారు. ఆట తెరిచి ఉన్న సమయమంతా ఆ లెక్కలోకి వస్తుంది కాబట్టి, క్యారెక్టర్ ముక్కు, కనుబొమ్మలు దిద్దుతూ గంట గడిపేవారు, సర్వర్‌లో చోటు కోసం క్యూలో ఉండి భోజనానికి వెళ్లేవారు ఈ విషయం ముందే గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది పింగ్ మీద. మీరు మీట నొక్కిన సంగతి సర్వర్‌కు చేరి, దాని జవాబు తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. ఫైబర్ కేబుల్‌లో సమాచారాన్ని మోసే కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సర్వర్ సింగపూర్‌లో ఉందనుకుందాం; వరంగల్ నుంచి అక్కడి వరకు సరళరేఖలో దూరం దాదాపు 3,200 కిలోమీటర్లు కాబట్టి, రానూపోనూ కనీసం 32 మిల్లీసెకన్లు పడుతుంది. నిజానికి సమాచారం సరళరేఖలో వెళ్లదు. చెన్నైకో ముంబయికో చేరి, అక్కడి నుంచి సముద్రగర్భ కేబుల్ ఎక్కి, దారిలో ఎన్నో చోట్ల ఆగి వెళుతుంది కాబట్టి తెర మీద కనిపించే అంకె అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. సర్వర్ యూరప్‌లో, ఉదాహరణకు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటే, ఆ దూరం సింగపూర్ దూరానికి రెట్టింపు కంటే ఎక్కువ. మరింత ఖరీదైన ఇంటర్నెట్ ప్లాన్ తీసుకుంటే డౌన్‌లోడ్ వేగం పెరుగుతుంది గానీ ఈ దూరం తగ్గదు.

ఈ విషయంలో నేను ఒకసారి పొరపడ్డాను. క్యూ తక్కువగా ఉందని యూరప్ సర్వర్ ఎంచుకుని, రెండు సాయంత్రాలు ఆడి, ‘ఈ ఆటలో కత్తియుద్ధం మొద్దుబారిపోయింది’ అని మిత్రులందరికీ రాసి పంపాను. కాజీపేటలో ఉండే మా తమ్ముడు అదే ఆటను, అదే క్లాస్‌తో సింగపూర్ సర్వర్‌లో ఆడుతూ, ‘అన్నా, నువ్వు చెప్పిన ఆట ఇదేనా?’ అని అడిగేదాకా నా పింగ్ 190 మిల్లీసెకన్ల దగ్గర ఉందన్న సంగతి నేను చూసుకోలేదు.

ఆ తర్వాత నుంచి నేను పాటిస్తున్న పరీక్ష ఇది. బలహీనమైన ఒకే రకం శత్రువుతో ఉదయం ఆరింటికి పదిసార్లు, రాత్రి తొమ్మిదింటికి పదిసార్లు పోరాడి, ప్రతిసారీ పింగ్‌నూ ఎఫ్‌పీఎస్‌నూ (తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే అంకెను) రాసుకోవాలి. శత్రువు దెబ్బ పడబోయే చోటును చూపే ఎర్రని వలయం నేల మీద కనిపించగానే తప్పుకున్నా దెబ్బ తగులుతూ, పింగ్ తగ్గిన వేళ ఆ ఇబ్బంది కూడా తగ్గితే, లోపం మీ లైన్‌లోనో సర్వర్ దూరంలోనో ఉన్నట్టు. పింగ్ రెండు వేళల్లోనూ తక్కువగానే ఉన్నా, కత్తి తిప్పడం పూర్తయ్యేదాకా క్యారెక్టర్ కదలకుండా ఉండిపోతే, అది ఆటను తయారుచేసినవారి నిర్ణయం; దానిని విమర్శించే హక్కు మీకు పూర్తిగా ఉంది. జనం నిండిన పట్టణంలోకి వెళ్లినప్పుడు మాత్రమే బొమ్మ ఆగి ఆగి కదిలితే, అది ఎఫ్‌పీఎస్ పడిపోవడం. మనం ఈ మూడింటినీ ‘లాగ్’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం వల్లనే సగం వాదనలు పుడుతున్నాయి.

విదేశీ సమీక్షకులు సాధారణంగా రాయని, మనకు మాత్రం తప్పనిసరిగా కావలసిన విషయం మరొకటి ఉంది. మే నెలలో ఈదురుగాలి లేచి కరెంటు పోయినప్పుడు మీ క్యారెక్టర్ ఏమవుతుంది? కొన్ని ఆటల్లో అది ఉన్నచోటనే కొంతసేపు నిలబడి దెబ్బలు తింటుంది. కొన్ని ఆటల్లో తిరిగి వచ్చినప్పుడు డంజియన్‌లోని (బృందంగా వెళ్లి రాక్షసులతో పోరాడే చోటులోని) మీ బృందంలోనే చేరవచ్చు. మరికొన్నింటిలో మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడాలి. కరెంటు పోయేదాకా ఆగనవసరం లేదు. ఒకసారి మీరే ఇంటర్నెట్ కేబుల్ తీసి, రెండు నిమిషాల తర్వాత పెట్టి చూడండి. అయితే బృందంతో ఉన్నప్పుడు వారికి ముందే చెప్పి చేయండి.

డేటా గురించి క్లుప్తంగా రాస్తే చాలు. ఇటువంటి పెద్ద ఆటలు 50 నుంచి 100 జీబీ వరకు ఉండడం సాధారణం కాబట్టి, రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో డౌన్‌లోడ్ చేయడం అయ్యే పని కాదు. బొమ్మలన్నీ మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి గనుక, ఆడేటప్పుడు ఖర్చయ్యేది స్వల్పం.

లోకాన్ని వర్ణించేటప్పుడు ‘గ్రాఫిక్స్ అద్భుతం’ అన్న వాక్యాన్ని కొట్టేసి, ఆ లోకంలోని వస్తువులకు కారణం ఉందా లేదా అన్నది చూడండి. వరంగల్ కోటలో రాతిగోడ, దాని వెలుపల కందకం, ఇంకా వెలుపల మట్టిగోడ ఉన్నాయి. ద్వారం దగ్గర దారి వంపు తిరుగుతుంది, ఎందుకంటే దూసుకొచ్చే సైన్యం అక్కడ వేగం తగ్గించి పక్కకు తిరగక తప్పదు. ఆటలోని కోటకు అటువంటి ఆలోచన ఉన్నదా, లేక దర్వాజా నేరుగా సింహాసనం దాకా తెరుచుకుని ఉన్నదా? ఊరి పక్కన పొలాలు, చెరువు ఉన్నాయా, లేక వందమంది వ్యాపారులు ఏమి తిని బతుకుతున్నారో తెలియకుండా నిలబడి ఉన్నారా? క్వెస్టుల (ఆటలో మనకు అప్పగించే పనుల) విషయంలో కూడా ఇదే వరస: మొదటి పది గంటల్లో చేసిన క్వెస్టులన్నీ లెక్కపెట్టి, వాటిలో ‘పది తోడేళ్లను చంపి రా’ వంటివి ఎన్ని ఉన్నాయో రాస్తే, విశేషణాలతో పని ఉండదు.

కనీసం ఒక డంజియన్‌నైనా అపరిచితులతో కలిసి పూర్తి చేయకుండా ఆన్‌లైన్ ఆట గురించి రాయకూడదని నా అభిప్రాయం. వీలైతే ట్యాంక్‌గా (ముందు నిలబడి దెబ్బలు కాచుకునే పాత్రగా) ఒకసారి, హీలర్‌గా (మిగతావారి గాయాలు మాన్పే పాత్రగా) ఒకసారి ఆడండి. వెనుక నుంచి బాణాలు వేసేవారికి సులువుగా తోచిన బాస్ (డంజియన్‌లోని పెద్ద రాక్షసుడు), అందరి ప్రాణాలూ కాపాడవలసిన హీలర్‌కు నరకం కావచ్చు. ఏ వేళలో ఆడారో కూడా రాయండి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మనం భోజనం ముగించి రాత్రి పదింటికి కూర్చునేసరికి అక్కడ పన్నెండున్నర అవుతుంది, గిల్డ్‌లు (కలిసి ఆడే ఆటగాళ్ల సంఘాలు) ఆనాటి దండయాత్ర ముగించి నిద్రపోతుంటాయి. ‘ఈ ఆటలో మనుషులే లేరు’ అని రాసేముందు గడియారం చూడడం అవసరం.

ఆటలో ఉండే దుకాణం గురించి రాసేటప్పుడు అక్కడి రత్నాలనూ నాణేలనూ రూపాయల్లోకి మార్చి చూపండి. అమ్మేది అలంకారమా, శ్రమ తగ్గించే సౌకర్యమా, యుద్ధంలో గెలిపించే బలమా అన్నది విడివిడిగా చెప్పండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వలె నెలనెలా చందా కట్టాలా, గిల్డ్ వార్స్ 2 వలె చందా లేకుండా ఆడవచ్చా అన్నది మొదటి పేరాలోనే ఉండాలి.

విడుదల రోజుల గందరగోళాన్ని ఆట గుణంతో కలపకండి. 2021 సెప్టెంబర్ 28న న్యూ వరల్డ్ అనే ఆట విడుదలైన తొలి వారంలో స్టీమ్‌లో ఒకేసారి 9 లక్షల మందికి పైగా చేరారు, గంటల తరబడి క్యూలు పట్టాయి. ఆ క్యూ అనుభవం నిజమే గానీ, దాని ఆధారంగా యుద్ధం ఎలా ఉందో చెప్పలేం. 2010లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆట ఎంత విమర్శ పాలైందంటే, 2012లో సర్వర్లు మూసి, 2013 ఆగస్టులో కొత్త రూపంలో తిరిగి విడుదల చేశారు. 2010లో దానిని తిట్టినవారిది తప్పు కాదు, 2013లో మెచ్చుకున్నవారిదీ తప్పు కాదు. కానీ తేదీ లేకపోతే చదివేవారికి ఎవరి మాట పట్టుకోవాలో తెలియదు.

చివరగా వాక్యాల సంగతి. ‘కష్టంగా ఉంది’ అని రాయడానికి బదులు ‘మూడుసార్లు ఓడిపోయి, నాలుగోసారి గెలిచాను’ అని రాయండి. మీకు మాత్రమే తోచినదానికి ‘అనిపించింది’ అనే క్రియను ఉంచుకోండి. మొదటి గంట, పదో గంట, ముప్పయ్యో గంట చివర ఒక్కో పేరా రాసి, తర్వాతిది రాసేటప్పుడు ముందుదాన్ని దిద్దకండి. నెల తర్వాత అభిప్రాయం మారితే పాతదాన్ని చెరపకుండా, దాని కింద తేదీ వేసి కొత్తది చేర్చండి. నా నోటుపుస్తకంలో ‘కత్తియుద్ధం మొద్దుబారిపోయింది’ అన్న వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. దాని కింద ‘యూరప్ సర్వర్, పింగ్ 190, వైఫై’ అని రెండు వారాల తర్వాత వేరే సిరాతో రాసుకున్నాను.