మాల్దీవుల దీవిలో కొత్త టీచరు: మొదటి నెలలో సర్దుకోవలసినవి

మాల్దీవుల బడుల్లో ఉద్యోగం ఖాయమైన తెలుగువారు ఎక్కువగా సిలబస్ గురించి కంగారుపడుతుంటారు గానీ, బోధన ఇంగ్లీషులోనే సాగుతుంది కనుకా, పై తరగతులు కేంబ్రిడ్జి పరీక్షలకు చదువుతాయి కనుకా తరగతి గది త్వరగానే అలవాటవుతుంది. అలవాటు కావడానికి సమయం పట్టేది దీవే. నియామకం రాజధాని మాలేలో కాక ఏదో దూరపు అటోల్‌లో (పగడపు దీవుల గుంపులో) వచ్చిందంటే, ఈ చివర నుంచి ఆ చివరకు పావుగంటలో నడిచిపోగల చోట ఒప్పందకాలమంతా గడపవలసి ఉంటుంది.

సామాను సర్దేటప్పుడే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పూజా విగ్రహాలు, మద్యం, పంది మాంసం ఆ దేశంలోకి తేవడం నిషిద్ధం. దిగగానే పెట్టెలను స్కాన్ చేస్తారు కనుక, నిత్యపూజ చేసుకునేవారు చిన్న విగ్రహమే కదా అని పెట్టె అడుగున దాచుకోవడం మంచిది కాదు. ఆవకాయ, గోంగూర వంటివాటిని విదేశాలకు ప్యాక్ చేసే దుకాణంలో నూనె కారకుండా సీలు వేయించుకోవాలి. మాలే నుంచి అటోల్‌కు వెళ్లే చిన్న విమానంలో అనుమతించే బరువు తక్కువన్న సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

ఇక తిండి విషయానికి వస్తే, దీవిలో అసలైన క్యాలెండరు పడవే. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కందిపప్పు, పాలపొడి దుకాణంలో ఎప్పుడైనా దొరుకుతాయి గానీ, టమాటాలు, బెండకాయలు, వంకాయలు మాలే నుంచి సరుకుల పడవ వచ్చిన రోజునే కనిపిస్తాయి, మర్నాటికి మిగలవు. ఆ పడవ ఏ రోజున, ఏ వేళకు వస్తుందో చేరిన వారంలోనే తెలుసుకుని, బడి కాగానే అటు వెళ్లే ఏర్పాటు చేసుకోవాలి. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలుల కాలంలో సముద్రం పోటెత్తితే పడవ రాకపోవచ్చు. అందుకని పప్పులు, చింతపండు, ఎండుమిర్చి ఒక వారానికి సరిపడా అదనంగా ఉంచుకోవాలి. అయితే మనవాళ్లు ఊహించని సౌకర్యం ఒకటుంది. కరివేపాకు, మునగాకు అక్కడి వంటలోనూ వాడతారు కనుక చాలా పెరళ్లలో ఆ చెట్లుంటాయి. పక్కింటివారిని అడిగితే, రెండు రెమ్మలు చాలన్నా వినకుండా కొమ్మే విరిచి ఇస్తారు.

శాకాహారులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఉదయం రొట్టెతో తినే మస్‌హునిలో కొబ్బరి, ఉల్లిపాయలతో పాటు ట్యూనా చేప ఉంటుంది. స్టాఫ్‌రూములో టీతో ఇచ్చే బజియా అచ్చం మన సమోసాలాగే ఉన్నా, విరిస్తే లోపల కనిపించేదీ చేపే. ‘కూరగాయలదేనా’ అని అడిగి ఊరుకోకుండా ‘చేప ఉందా’ అని అడగడమే మేలు. చాలా దీవుల్లో బావి నీరు ఉప్పదనంతో ఉంటుంది, తాగడానికి ట్యాంకుల్లో పట్టిన వాన నీటినే వాడతారు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు ఆ ట్యాంకు ఉందో లేదో చూసుకోవాలి.

వారం అక్కడ ఆదివారం మొదలై గురువారంతో ముగుస్తుంది. మనవాళ్లంతా తీరిగ్గా ఫోను చేసే ఆదివారం ఉదయం మీరు తరగతిలో ఉంటారు, మీకు సెలవైన శుక్రవారం వారు ఆఫీసులో ఉంటారు. కాబట్టి మాట్లాడుకోవడానికి శనివారమే మిగులుతుంది. అక్కడి గడియారం మనకంటే అరగంటే వెనక, అదొక్కటి సుఖం. నమాజు వేళల్లో దుకాణాలు కాసేపు మూస్తారు కనుక సాయంత్రం బజారుకు వెళ్లే ముందు వేళ చూసుకోవాలి.

జీతం అక్కడి కరెన్సీ అయిన రుఫియాల్లో వస్తుంది. డాలరుకు అధికారిక ధర 15.42 రుఫియాల దగ్గరే ఉన్నా, బ్యాంకుల్లో డాలర్లకు కొరత ఉండటం వల్ల ఇంటికి పంపగల మొత్తానికి పరిమితులుంటాయి, అవి మారుతుంటాయి కూడా. ఇంటి అప్పుల వాయిదాలు తీర్చవలసినవారు ఒప్పందంపై సంతకం చేసే ముందే, అక్కడ పనిచేస్తున్న భారతీయ ఉపాధ్యాయులను నెలకు ఎంత పంపగలుగుతున్నారో అడగాలి. జీతం ఎంతన్న ప్రశ్న కంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

పిల్లలు మిమ్మల్ని ‘మిస్’ అనో ‘సర్’ అనో పిలుస్తారు. వారి దివేహి భాషను తానా లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు. నోటుపుస్తకాల కట్టలో దివేహి పుస్తకం కలిసిపోయి వస్తే, మొదటి పేజీ మనకు చివరి పేజీగా కనిపిస్తుంది. దాన్ని తిరగేసి సరిగ్గా పట్టుకుని, ‘కిహినే’ అని కుశలమడిగి తిరిగి చేతికిస్తే, తరగతంతా నవ్వి, మీ ఉచ్చారణ సరిదిద్దే పని వెంటనే మొదలుపెడుతుంది.