జోజో ఫైటింగ్ గేమ్: ఆర్కేడ్ బోర్డులో, ఇంటి కన్సోళ్లలో వచ్చే ఇబ్బందులు

హిరోహికో అరాకి గీసిన ‘జోజోస్ బిజార్ అడ్వెంచర్’ మాంగా (జపాన్ బొమ్మల కథ) మూడో భాగం ఆధారంగా క్యాప్‌కామ్ 1998లో తన ఆర్కేడ్ యంత్రాల బోర్డు అయిన సీపీఎస్-3 మీద తెచ్చిన ఆట ఇది. ప్లేస్టేషన్, డ్రీమ్‌క్యాస్ట్ వెర్షన్లు ఆ తర్వాత వచ్చాయి.

బోర్డు ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంటోంది

ముందు మల్టీమీటర్ తీయండి. జమ్మా (ఆర్కేడ్ బోర్డును క్యాబినెట్ వైర్లకు కలిపే ప్రామాణిక పద్ధతి) కనెక్టర్‌లో 3, 4 పిన్నుల దగ్గర, బోర్డు పనిచేస్తుండగానే 5 వోల్టులు రావాలి. సప్లై దగ్గర 5 ఉండి ఇక్కడ 4.8కి పడిపోతే తప్పు వైర్లది. వోల్టేజి సరిగ్గా ఉంటే అనుమానం బోర్డులో గుచ్చే కార్ట్రిడ్జ్ మీదికి పోతుంది. ఆట ప్రోగ్రామ్ రహస్య సంకేతంలో ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి లాంటి సమాచారాన్ని కార్ట్రిడ్జ్‌లోని బ్యాటరీ నిలబెడుతుంది. బ్యాటరీ చచ్చిందా, ఆ సమాచారం చెరిగిపోతుంది. తర్వాత కొత్త బ్యాటరీ వేసినా తిరిగి రాదు. సంకేతం అక్కర్లేని ప్రోగ్రామ్‌ను ఫ్లాష్ చిప్‌లో రాసి కార్ట్రిడ్జ్‌లో పెట్టించడమే దారి.

అందుకే బ్యాటరీ చావకముందే, ఆట ఇంకా బాగా పనిచేస్తున్న రోజుల్లోనే దాన్ని మార్చడం మేలు. పవర్ తీసేసి, పాతది ఊడదీయకముందే అదే వోల్టేజి ఉన్న కొత్తదాన్ని ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి, ఆ తర్వాతే పాతది తీయాలి. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక ప్లగ్ పీకి అతికించండి, ఐరన్ నుంచి బోర్డులోకి కరెంటు లీకయ్యే భయం ఉండదు. పవర్ ఉండగా కార్ట్రిడ్జ్ ఊడదీయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మూడు బటన్లు పలుకుతున్నాయి, స్టాండ్ బటన్ పలకడం లేదు

స్టాండ్ అంటే ఈ కథలో పాత్రకు తోడుగా పోరాడే శక్తి రూపం; దాన్ని పిలిచేది నాలుగో బటన్. బోర్డు బాగానే ఉంది. జమ్మా ప్రమాణంలో ఒక్కో ఆటగాడికి మూడు బటన్లే. నాలుగోదానికి వేరే వైరు కావాలి. అది కలిపారో లేదో చూడండి.

డ్రీమ్‌క్యాస్ట్ ఆట మధ్యలో రీసెట్ అవుతోంది

డిస్క్‌ను తిట్టుకోనక్కర్లేదు. పవర్ సప్లై బోర్డు కింద, మదర్‌బోర్డు మీద నిలబడి ఉండే ఆరు పిన్నులు చూడండి: మెరవాల్సినవి మసకబారి ఉంటాయి. ప్లగ్ పీకి కాసేపు ఆగి, మోడెమ్ తీసి (ఒక స్క్రూ దాని కిందే దాగి ఉంటుంది), నాలుగు స్క్రూలు విప్పండి. సప్లై బోర్డును నిటారుగా పైకి లాగాలి. పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కోదాన్ని వెంట్రుకవాసి పక్కకి వంచితే పట్టు బిగుస్తుంది. ఎక్కువ వంచితే విరుగుతాయి.

ప్రతిసారీ తేదీ అడుగుతుంటే లోపలి గడియారం బ్యాటరీ పోయినట్టు. అది ఛార్జ్ అయ్యే ఎంఎల్2032. మామూలు సీఆర్2032 నేరుగా అతికిస్తే ఛార్జింగ్ కరెంటు దానిలోకి పోయి ప్రమాదం. ఆన్ చేయగానే మెమరీ కార్డు పొడవుగా కూత పెడితే, దానిలో మాత్రం రెండు సీఆర్2032లే వేయాలి. సేవ్ చేసినవి ఎక్కడికీ పోవు.

జపాన్ ప్లేస్టేషన్ డిస్క్ నలుపు తెలుపులో కనిపిస్తోంది

జపాన్ టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్‌ని, మన పద్ధతి అయిన పాల్ టీవీ అందుకోలేకపోతోంది. టీవీలో ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోండి, లేదా రంగులను విడివిడిగా పంపే ఆర్‌జీబీ కేబుల్ వాడండి. జపాన్ కన్సోల్ 100 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ప్లేస్టేషన్‌లో కదలికలు ముక్కలుముక్కలుగా ఉన్నాయి

దీనికి మరమ్మతు లేదు. 2 ఎంబీ ర్యామ్‌లో పట్టక యానిమేషన్ ఫ్రేములు కోసేశారు. ఆర్కేడ్ కదలిక కావాలంటే డ్రీమ్‌క్యాస్ట్ వెర్షనే తీసుకోండి. మాంగా కథను సన్నివేశాలుగా నడిపే సూపర్ స్టోరీ మోడ్ కావాలంటే ప్లేస్టేషన్‌దే ఉంచుకోండి.