మృగశిరకు చేపలు కొనేముందు పురుగుల సంగతి

మృగశిర కార్తె జూన్ 7నో 8నో వస్తుంది. ఆ రోజు చేప వండని ఇల్లు తెలంగాణలో తక్కువే. ముషీరాబాద్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. సరిగ్గా దానికి ముందు వారాల్లోనే చెరువులు అడుగంటుతాయి. చేపలు, నత్తలు, కొంగలు అన్నీ మిగిలిన ఆ కాస్త మడుగు దగ్గరే చేరతాయి. చేపల్లో పురుగులు పెరగడానికి కావలసిన మూడూ ఇవే. కొంగ గొంతులో ఉండే ఒక రకం పురుగు గుడ్లు నీళ్లలో పడతాయి. పిల్లపురుగు ముందు నత్తలో చేరి, అక్కడ పెరిగి బయటికొచ్చి, చేప చర్మంలోంచి లోపలికి దూరి, కండలో పసుపు రంగు తిత్తి కట్టుకుని కూర్చుంటుంది. ఆ చేపను మళ్లీ కొంగ మింగాలి, దాని బతుకు అప్పుడే ముందుకు సాగుతుంది.

కాబట్టి చెరువు కొర్రమట్ట కోస్తుంటే కండలో నాలుగైదు మిల్లీమీటర్ల పసుపు గింజ లాంటిది కనిపిస్తే కంగారు పడి చేపంతా పారేయక్కర్లేదు. కత్తి మొనతో తీసేసి, చుట్టూ ఉన్న కాస్త కండ కోసేసి, మిగతాది వండుకోవచ్చు. వాలుగ గాలితిత్తిలో రెండు మూడు సెంటీమీటర్ల చప్పటి పురుగులు, పరకల పొట్టలో తెల్లటి రిబ్బను లాంటి బద్దెపురుగు కూడా కనిపిస్తుంటాయి. పొట్టలోనివన్నీ పేగులతోపాటే పోతాయి. కండ నిండా గింజలే ఉన్నా, కండ మెత్తబడి వాసనొస్తున్నా మాత్రం వద్దనండి. పండగ పూట ఎంత రేటు పెట్టి కొన్నా సరే. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసులో వచ్చే పెంపకం బొచ్చె, రవ్వల్లో ఎక్కువగా చూసేది ఒంటి మీది చేప పేను, పొలుసుల దగ్గర ఎర్రటి పుండ్లు. పేను పొలుసు గీకేటప్పుడే పోతుంది.

మార్కెట్లోనే పొట్ట చీరించి పేగులు తీయించండి. చేప చచ్చాక కొన్ని రకాల పురుగులు పేగుల చుట్టుపక్కల నుంచి కండలోకి పాకుతాయి. ఇంటికి తెచ్చి సాయంత్రం దాకా అలాగే పెడితే వాటికి దారిచ్చినట్టే.

అసలు భయపడాల్సింది కంటికి కనిపించని వాటికి. ఈశాన్య థాయ్‌లాండ్‌లో, లావోస్‌లో పచ్చి చేపను తరిగి నిమ్మరసం, కారం కలిపి తినే అలవాటుంది. ఆ చేపల్లో ఉండే లివర్ ఫ్లూక్ అనే పురుగు పిత్తనాళాల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే చేర్చింది. పులుసు గిన్నెలో ముక్క లోపలిదాకా మరిగిందంటే ఈ గొడవే లేదు, మన వంట ఈ విషయంలో చాలా గట్టిది.

తప్పు జరిగేది ఫ్రైలో. పెద్ద మంట మీద పైన ఎర్రగా మాడి, నడిముల్లు దగ్గర కండ ఇంకా పచ్చిగా, నెత్తురు చారతో ఉంటుంది. చూడాలంటే అన్నిటికంటే మందపాటి ముక్క తీసి ముల్లు పక్కన కత్తి గుచ్చండి. కండ తెల్లగా మారి, ముల్లు నుంచి రేకులు రేకులుగా ఊడి రావాలి. గాజులా మెరుస్తూ ముల్లును పట్టుకునే ఉంటే మంట తగ్గించి మూతపెట్టండి. థర్మామీటర్ ఉంటే లోపల 63 డిగ్రీలు రావాలి. చేపను ముక్కలు చేయకుండా కాలుస్తుంటే రెండు పక్కలా లోతుగా గాట్లు పెట్టండి. జెన, అంటే చేప గుడ్లు, కూడా మధ్యదాకా ఉడకాలి. నిమ్మరసంలో నానితే ముక్క తెల్లబడి వండినట్టే కనిపిస్తుంది. కానీ పురుగు చావదు. ఉప్పు, పసుపుతోనూ అంతే. పచ్చి చేప కోసిన కత్తి, పీట కడగకుండానే ఉల్లిపాయ తరగడం చాలా ఇళ్లలో చూస్తుంటాం, అది మానాలి.

అమెరికాలో సరస్సుల మీద గాలం వేసే మనవాళ్లు సుషీ అంటూ ఆ చేపను పచ్చిగా తినొద్దు. అక్కడి మంచినీటి చేపల్లో ఉండే బద్దెపురుగు మనిషి పేగులో మీటర్ల కొద్దీ పెరుగుతుంది, బీ12 లాగేస్తుంది. పచ్చిగానే తినాలంటే మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాలి. ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌ను ఇందుకు నమ్మొద్దు.

ఇక ఉబ్బసం తగ్గుతుందని మృగశిర నాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేప ప్రసాదం. బతికున్న చిన్న కొర్రమీను పిల్లను మింగిస్తారు. నమ్మకం ఎవరిది వారిది, కానీ వండని చేప వండని చేపే. ఆగ్నేయాసియాలో కొర్రమీను జాతుల్లో, మనిషి చర్మం కింద తిరిగే ఒక పురుగు ఉంటుందని వైద్యులకు తెలుసు. శాకాహారులకు బెల్లంతో ఇచ్చేది ఉంది కదా, పిల్లలకూ గర్భిణులకూ కనీసం అదైనా అడగండి.

పచ్చి లేదా సగం ఉడికిన చేప తిన్న కొన్ని వారాలకు ఒక చోట తగ్గి ఇంకో చోట తేలే వాపు, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, మలంలో తెల్లటి బద్దెలు కనిపిస్తే డాక్టర్‌కు చేప సంగతి ముందే చెప్పండి. అడగరు, మనమే చెప్పాలి. బడిలో పిల్లలకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర నేల నుంచి సోకే నులిపురుగుల కోసం. చేప బద్దెపురుగుకూ లివర్ ఫ్లూక్‌కూ సాధారణంగా వాడే మందు వేరు.

పేగులు మళ్లీ చెరువులో వేయకండి, గుంట తీసి పూడ్చండి. పిల్లికో కుక్కకో పెట్టాలనుకుంటే ఉడకబెట్టి పెట్టండి.